తిట్ల శనివారం

"నోరు తెరవండి. ఇంకా పెద్దగా. ఆఁ, అలాగే ఉంచండి," అంది మార్లా.

ఓవెన్ డ్రిస్కల్ నోరు తెరిచాడు. తెరవక చేసేదేముంది? కుర్చీ వెనక్కి వాల్చేశారు, ముఖం మీద లైటు వేశారు, మెడ కింద కాగితం గుడ్డ కట్టేశారు. పళ్లు శుభ్రం చేసే ఈ అమ్మాయి మాస్కు ఎర్రగా ఉందని అతను అప్పటికే గమనించాడు. అతని కోటు జేబులోంచి నీలం టోపీ తొంగిచూస్తోందని ఆమె కూడా గమనించింది.

ఆ ఊళ్లో గొడవకి అది చాలు. చికాగోకీ సెయింట్ లూయిస్‌కీ నడుమ, మొక్కజొన్న చేల మధ్యలో ఉన్న ఊరది. ఉత్తరం నుంచి వచ్చే రేడియో చికాగో బేస్‌బాల్ చెబుతుంది, దక్షిణం నుంచి వచ్చేది సెయింట్ లూయిస్ బేస్‌బాల్ చెబుతుంది. ఏ ఇంట్లో ఏది మోగితే ఆ ఇంటి పిల్లలది ఆ రంగు. చికాగో అయితే నీలం, సెయింట్ లూయిస్ అయితే ఎరుపు. మూడో రంగు పుట్టలేదు.

"చికాగో మనిషా మీరు?" అంది మార్లా, అద్దం నోట్లో పెడుతూ. "అయ్యో పాపం! పోయిన సీజన్ చివర్లో మీ పిచ్చర్లు బంతులు విసిరారా, లేక ఎదుటివాళ్లకి వడ్డించారా? మా వాళ్లకి కొట్టి కొట్టి చేతులు నొప్పెట్టాయండీ."

"ఆఁ... ఊఁ..."

"మాట్లాడకండి, చిగుళ్లకి గుచ్చుకుంటుంది. అయినా మాట్లాడటానికి మీకేం మిగిలిందని?"

పని అయ్యేదాకా ఆమె చికాగోని ఉతికి ఆరేసింది. అతను మాత్రం పైకప్పు చూస్తూ గుడ్లురిమాడు. చివర్లో పుక్కిలించి, పెదవి తుడుచుకుని, "రేపు పొద్దున రేడియో పెట్టుకోండి," అని ఒక్క మాట అని వెళ్లిపోయాడు.

ఓవెన్ ఆ ఊరి చిన్న రేడియోలో ధాన్యం ధరలూ వాతావరణమూ చదువుతాడు. మర్నాడు పొద్దున ఊరంతా కాఫీ తాగుతూ అతని గొంతు వింది. "మొక్కజొన్న కాస్త తగ్గింది. సోయా కదల్లేదు. ఇక, నిన్న నా నోరు కట్టేసి నా జట్టుని తిట్టిన ఎర్ర మాస్కు గారికి ఒక మనవి. మీ ఎడమచేతి పిచ్చర్ భుజమూ, మా అమ్మమ్మ ఇంటి పెరటి తలుపూ ఒకేలా కిర్రుమంటున్నాయి. దేనికైనా కాస్త నూనె వేయించండి."

ఊరంతా పడి పడి నవ్వింది. మార్లా పళ్లు నూరింది. వారం తిరక్కుండానే ఓవెన్ మళ్లీ వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"పన్ను నొప్పి," అన్నాడు.

"ఏ పన్ను?"

"మీరు ఏదంటే అది."

ఆ రోజు మాస్కు వెనకాల ఆమె నవ్విన నవ్వు మాస్కు దాటి కళ్లలోకి వచ్చేసింది. ఆ తరవాత కాఫీలు, ఆ తరవాత నది ఒడ్డున నడకలు. మీరు నువ్వు అయింది. మాటలన్నీ తిట్లే. ఎర్ర జట్టుని అతను, నీలం జట్టుని ఆమె. రోజూ పొద్దున రేడియోలో ధరలు చదివాక కూడా అతను ఎర్ర జట్టుకి ఒక చురక అంటిస్తూనే ఉన్నాడు. ప్రేమ అనే మాట మాత్రం ఇద్దరూ అనలేదు. ఒక పిచ్చర్ ఎదుటి జట్టుకి ఒక్క హిట్టు కూడా ఇవ్వకుండా ఆడుతున్నప్పుడు ఆ సంగతి ఎవరూ పైకి అనరు కదా. అంటే దిష్టి తగిలి చెడిపోతుంది. వాళ్లిద్దరికీ అదే భయం.

అసలు భయం జనవరిలో వచ్చింది.

మార్లాకి తల్లి లేదు, ఉన్నదంతా తండ్రి వెర్న్ కెంపరే. ధాన్యం గోదాముల్లో మేస్త్రీగా చేసి రిటైరైన మనిషి. పెద్ద ఒళ్లు, అంతకన్నా పెద్ద గొంతు. ఒక సాయంత్రం ఆయన కుర్చీలోంచి లేవబోయి, గుండె మీద చెయ్యి వేసుకుని, నేల మీద కూలబడిపోయాడు. ఆంబులెన్సు వచ్చేలోపు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్న మార్లాకి ఆ చేతిలోని చల్లదనం ఇంకా వదల్లేదు.

డాక్టర్లు రక్తనాళంలో స్టెంటు వేసి పంపారు. "నడవనివ్వండి, మాట్లాడనివ్వండి, కోప్పడినా ఫర్వాలేదు. ఉప్పూ పందిమాంసమూ తగ్గించండి, అంతే," అన్నాడు పెద్ద డాక్టరు. ఆ మాటలు మార్లా చెవులారా వింది. నమ్మలేకపోయింది. తండ్రి దగ్గితే ఆమె గుండె గుభేలుమనేది. స్నానాల గదిలో ఆలస్యమైతే తలుపు తట్టేది. ఆయన కునుకు తీస్తుంటే పక్కన నిలబడి, ఛాతీ లేచి పడుతోందా లేదా అని చూసేది. చూసి, వంటింట్లోకి వెళ్లి, నమ్మకం చాలక మళ్లీ వచ్చి చూసేది.

మార్చి నెలాఖరు దగ్గర పడేసరికి ఆ భయానికి ఒక తేదీ వచ్చింది.

కొత్త సీజన్ మొదలయ్యే ముందు వచ్చే శనివారం పెర్ల్ హోటల్లో నీలం వాళ్లూ ఎరుపు వాళ్లూ చేరతారు. నేల మీద అతికించిన టేపుకి అటు వీళ్లు, ఇటు వాళ్లు. ఒక్కో వైపు నుంచి ఒక్కరు లేచి, ఈ ఏడాది ఎదుటి జట్టు ఎందుకు మట్టి కరుస్తుందో విడమరిచి చెప్పాలి. ఆ తరవాత వాదన. దానికి ఊళ్లో తిట్ల శనివారం అని పేరు. అందులో ఒక్కటే నియమం. మన జట్టు గెలుస్తుందని అనకూడదు, ఎదుటి జట్టుని పొగడనూ కూడదు. రెండూ దిష్టే. పొరపాటున నోరు జారితే, దిష్టి పోయేలా వెంటనే చెక్క మీద తట్టాలి.

ఎరుపు వైపు ఎప్పుడూ నిలబడేది వెర్నే. నీలం వాళ్లు ఈసారి రేడియో కుర్రాణ్ణి ఎంచుకున్నారు.

"నాన్నా, ఈ ఏడాదికి గస్ బాబాయిని నిలబడమందాం," అంది మార్లా, ఉప్పు లేని సూపు ముందు పెడుతూ.

"గస్సా? వాడు లేచి నిలబడేలోపు సీజన్ అయిపోతుంది." వెర్న్ చెంచా పక్కన పెట్టాడు. "అమ్మాయ్, ఆ రేడియోగాడు మన పిచ్చర్ భుజాన్ని పెరటి తలుపు అన్నాడు. వాడికి నేను సమాధానం చెప్పొద్దూ?"

చెబుతున్నప్పుడే ఆయన ముఖం కందగడ్డ అయింది. మార్లా సూపు గిన్నెని ఆయన ముందుకి ఇంకాస్త జరిపింది.

శుక్రవారం సాయంత్రం ఓవెన్ కార్లో కూర్చుని ఆమె ఏడ్చేసింది. బయట వానా మంచూ కలిసి పడుతున్నాయి. వైపర్లు అటూ ఇటూ ఊగుతున్నాయి.

"రేపు ఓడిపో, ఓవెన్."

"ఓడిపోతాలే. మీ నాన్న ముందు ఎవడు గెలిచాడు గనక?"

"అది కాదు. అసలు వాదించకు. నువ్వు ఒకటంటే ఆయన పది అంటాడు. అరుస్తాడు, బల్ల గుద్దుతాడు. ఆ పళంగా ఏమైనా అయితే?" ఆమె కళ్లు తుడుచుకుంది. "మంచి మాటలు చెప్పి కూర్చో. మీ జట్టు బాగుంది, మీరే గెలుస్తారు అను."

ఓవెన్ ఆమె వైపు తిరిగి చూశాడు. "పొగడమంటున్నావా? తిట్ల శనివారం నాడు? మార్లా, మావాళ్లు నన్ను ఊళ్లోంచి తరుముతారు. మీవాళ్లు దిష్టి పెట్టానని చెప్పులతో కొడతారు."

"మా నాన్న కన్నా నీకు దిష్టి ముఖ్యమా?"

 అతను తన నీలం టోపీ తీసి డాష్‌బోర్డు మీద పెట్టాడు.

"డాక్టరు వాదించొద్దన్నాడా?"

"లేదు. నాకే భయం. నవ్వుతావా?"

"నవ్వను. నాకూ భయమే," అన్నాడు ఓవెన్. "మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేను లిఫ్టు ఎక్కేవాణ్ణి కాదు. మెట్లెక్కి వెళ్తే బతుకుతుందని. సరే, పొగుడుతాను."

"ఓవెన్, నేను నిన్ను..."

"అనకు," అన్నాడు అతను గబుక్కున. "ఇక్కడ చుట్టూ ఒక్క చెక్కముక్క కూడా లేదు."

శనివారం పొద్దున పెర్ల్ హోటల్ కిటకిటలాడింది. తడి కోట్ల వాసన, వేగుతున్న బేకన్ వాసన. మార్లా గోడ పక్క బల్ల దగ్గర కూర్చుంది. చేతిసంచిలో మాత్రలు ఉన్నాయో లేదో తడుముకుని చూసింది. మళ్లీ చూసింది.

వెర్న్ లేచాడు. బక్కచిక్కాడు గానీ గొంతు చిక్కలేదు.

"నీలం సోదరులారా! మీ కొత్త షార్ట్‌స్టాప్ బంతిని చూసి పరిగెడతాడని విన్నాను. ఎటు పరిగెడతాడో ఎవరూ చెప్పలేదు." ఎరుపు వైపు బల్లలు దద్దరిల్లాయి. "మీ పిచ్చర్ల చేతులు బాగున్నాయట, సంతోషం. దణ్ణాలు పెట్టుకోవడానికి పనికొస్తాయి!"

ఆయన ఒక్కో మాటకీ మెడ నరం ఉబ్బుతోంది. మార్లా ఆ నరాన్నే చూస్తోంది. చాలు నాన్నా, చాలు, కూర్చో అని లోపల్లోపల బతిమాలుకుంటోంది. చివరికి ఆయన కూర్చుని, చేతులు కట్టుకుని, "రా అబ్బాయ్, నీ పెరటి తలుపులన్నీ తియ్యి," అన్నాడు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

ఓవెన్ లేచాడు. ఒకసారి మార్లా వైపు చూశాడు.

"వెర్న్ గారూ, మీరన్నది నిజమే. ఈ ఏడాది మీ జట్టు చాలా బాగుంది." గొంతు సవరించుకున్నాడు. "మీ పిచ్చర్ భుజం కూడా బాగుపడింది. అక్టోబర్లో ఫైనల్ దాకా మీరే ఆడతారు. కప్పు మీదేననుకుంటున్నాను."

హోటల్లో చెంచా చప్పుడు కూడా ఆగిపోయింది.

ముందు తేరుకున్నది హోటల్ యజమానురాలు పెర్ల్. కాఫీ కూజా పట్టుకునే పరిగెత్తుకెళ్లి చెక్క కౌంటరు మీద టకటకా తట్టింది. ఆ వెంటనే గస్ లేచాడు. "దిష్టి! దిష్టి పెడుతున్నాడు వీడు! బల్లలు తట్టండర్రా!" నీలం వైపు నుంచి, "సిగ్గు లేదురా నీకు? డబ్బు తిన్నావా?" అని ఇంకో కేక. బల్లలు తట్టేవాళ్లు, తిట్టేవాళ్లు, ఓవెన్ టోపీ లాగేవాళ్లు. ఓవెన్ చెవులు ఎర్రబడ్డాయి గానీ మాట వెనక్కి తీసుకోలేదు.

ఒక్క వెర్న్ మాత్రం తట్టలేదు. అరవలేదు. ఆయన ముఖంలోని రంగంతా దిగిపోయి సున్నం కొట్టినట్టయింది.

"మార్లా," అన్నాడు నెమ్మదిగా. "నన్ను బయటికి తీసుకెళ్లు."

మార్లా ఒక్క ఉదుటున లేచింది. కుర్చీ తన్నుకుంటూ వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది, జనవరిలో లాగే. గుమ్మం దాటించి, వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, మాత్రల సీసా మూత తిప్పింది. మూత రాలేదు.

"నొప్పి ఎక్కడ నాన్నా? చేతిలోకి దిగుతోందా? నాన్నా, చెప్పు!"

"నొప్పి లేదు. ఆ సీసా పక్కన పెట్టు." వెర్న్ ఆమె కళ్లలోకి సూటిగా చూశాడు. "నిజం చెప్పు తల్లీ. డాక్టరు నాతో చెప్పకుండా నీతో ఏం చెప్పాడు? ఎన్నాళ్లున్నాయి నాకు?"

మార్లా సీసాని బెంచీ మీద పెట్టింది.

"నాకు కళ్లు లేవనుకున్నావా? ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ గస్‌గాడు నేనేమన్నా ఔనంటున్నాడు. వాడు చిన్నప్పట్నుంచీ ఒక్కసారి ఔనన్నవాడు కాదు. పెర్ల్ ఆపిల్ పై కోస్తే మొదటి ముక్క నాకే ఇస్తోంది. నువ్వు నిద్రలో నా ఊపిరి చూస్తున్నావు. అప్పుడు నేను కళ్లు మూసుకునే ఉంటాను, నిద్రపోను." ఆయన వాన వైపు చూశాడు. "పోయేవాడితోనే జనం ఇంత మంచిగా ఉంటారు. ఈ ఊళ్లో నన్ను తిట్టేవాడు ఒక్కడే మిగిలాడు, ఆ రేడియోగాడు. ఇంటికొచ్చిన మర్నాడు వాడు రేడియోలో మన జట్టుని కడిగేస్తుంటే, హమ్మయ్య, నాకింకా టైముంది అనుకున్నాను. ప్రతి పొద్దునా దానికోసమే లేచేవాణ్ణి. ఇవాళ వాడు కూడా... వాడికి కూడా తెలిసిపోయిందన్నమాట."

ఇన్నాళ్లూ తన భయం ఒక్కటే ఈ ఇంట్లో తిరుగుతోందనుకుంది మార్లా. గోడకి అవతల ఇంకో భయం మేలుకుని ఉందని ఆమెకి తట్టనే లేదు.

"డాక్టరు ఏమీ చెప్పలేదు నాన్నా." ఆమె ఆయన కాళ్ల దగ్గర కూలబడిపోయింది. "ఒట్టు. అమ్మ మీద ఒట్టు. కోప్పడినా ఫర్వాలేదనే చెప్పాడు. నేనే నమ్మలేదు. నేనే ఓవెన్‌ని పొగడమన్నాను. నువ్వు అరిస్తే మళ్లీ కింద పడతావేమోనని. భయం నాది నాన్నా, నీ గుండెది కాదు."

వెర్న్ ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తి చూశాడు. వాన చూరు నుంచి కారుతోంది. ఆయన ముఖంలోకి రంగు కొద్దికొద్దిగా తిరిగి వచ్చింది. దానితో పాటే కోపమూ వచ్చింది.

"అమ్మ మీద ఒట్టా?"

"అమ్మ మీద."

"నన్ను చంపినంత పని చేశావు కదే!"

"తెలుసు. తప్పయిపోయింది."

"ఉండు, ఉండు." వెర్న్ కనుబొమలు దగ్గర పడ్డాయి. "నువ్వు అడిగితే ఒక చికాగోవాడు, అంతమంది తనవాళ్ల ముందు, మన జట్టుని పొగిడాడా? ఎందుకూ? వాడికేం పట్టింది?"

మార్లా తల వంచుకుంది. చెవులు వేడెక్కాయి.

"ఓహో," అన్నాడు వెర్న్. "పళ్లు పుచ్చిపోయాయా ఆ కుర్రాడికి? నెలకి నాలుగుసార్లు మీ పళ్ల డాక్టరు క్లినిక్ ముందు వాడి కారు ఉంటుందని గస్ అన్నాడు. నేను నమ్మలేదు." పెద్దగా ఊపిరి తీసుకున్నాడు. "ఇదీ నా గుండె కోసమే దాచావా?"

"నీలం వాడు కదా నాన్నా. భయం వేసింది."

"నీకు భయం వెయ్యనిది ఏదైనా ఉందా అసలు?" అని ఆయన బెంచీ పట్టుకుని లేచాడు. ఆమె చెయ్యి అందించబోయి ఆగింది. ఆయన తనంతట తనే లేచాడు.

లోపల ఓవెన్ రెండు వైపుల వాళ్ల మధ్యా, టేపు మీద ఒంటరిగా నిలబడి ఉన్నాడు. తలుపు తెరుచుకోగానే అందరూ నోళ్లు మూశారు.

"ఏయ్ రేడియో!" వెర్న్ గొంతుకి కిటికీ అద్దాలు అదిరాయి. "నేను చావడం లేదు. అందరూ వినండి, గస్, నువ్వూ విను! కాబట్టి నన్ను శవపేటికలో పెట్టినట్టు పొగడ్డం ఆపు. ఇందాకటి దిష్టి తీసెయ్యాలంటే ఒక్కటే దారి. మళ్లీ మొదలుపెట్టు, సరిగ్గా తిట్టు."

ఓవెన్ కదల్లేదు. వెర్న్ వైపు చూడలేదు. మార్లా వైపు చూశాడు. ఆమె కాదంటే ఇంకోసారి కూడా ఈ పరువు పోగొట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాడని ఆ చూపులో తెలుస్తూనే ఉంది.

మార్లా తండ్రి మెడ నరం వైపు చూసింది. డాక్టరు మాట నిజం కాకపోతే? ఈ పది నిమిషాల్లోనే ఏదైనా అయిపోతే, ఆ తరవాత జీవితమంతా ఈ క్షణాన్ని తలుచుకుని ఏడవాలి. పక్కనే తండ్రి నిలబడి ఉన్నాడు, ఎవరో ఒకరు తనని మనిషిలా తిట్టాలని ఎదురుచూస్తూ. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"ఇంకేం చూస్తున్నావు ఓవెన్?" అంది.  "నోరు తెరువు. ఇంకా పెద్దగా."

ఓవెన్ తెరిచాడు. అబ్బో, ఎంత పెద్దగా తెరిచాడంటే! ఎడమచేతి పిచ్చర్ భుజంతో మొదలుపెట్టాడు. దానికి నూనె కాదు, ఇప్పుడు వడ్రంగి కావాలన్నాడు. క్యాచర్ ఒంగితే లేపడానికి ట్రాక్టరు తెప్పించాలన్నాడు. మేనేజరు నిద్రపోతూ కూడా బుర్ర ఊపుతాడు గనక ఎవరికీ తేడా తెలియడం లేదన్నాడు. "వెర్న్ గారూ, మీ గుండెకి స్టెంటు వేశారు, సంతోషం. ఆ డాక్టర్లనే మీ బ్యాటింగుకి కూడా పంపించండి!"

 ఇన్నాళ్లూ ఆ ఊళ్లో గుండె మాట ఆయన ముందు ఎవరూ అనలేదు.

వెర్న్ నవ్వాడు. పొట్ట పట్టుకుని, కళ్లలోంచి నీళ్లు కారేలా నవ్వాడు. నవ్వుతూనే బల్ల గుద్ది, "ఒరేయ్ తలుపుల మేస్త్రీ, నువ్వు మీ ఫస్ట్ బేస్‌మన్ సంగతి చెప్పు ముందు!" అని అందుకున్నాడు. గస్ చాలా నెలల తరవాత మొదటిసారి, "నువ్వు తప్పు చెబుతున్నావు వెర్న్, వాడు మంచోడే," అని అడ్డుపడి తిట్లు తిన్నాడు. హోటల్ మొత్తం అరుపులతో నిండిపోయింది. మార్లా ఆ మెడ నరాన్ని చూస్తూనే ఉంది. అది ఉబ్బుతోంది, తగ్గుతోంది. మళ్లీ ఉబ్బుతోంది. మనిషి నిలబడే ఉన్నాడు.

అంతా అయ్యాక ఆమె గాలి కోసం వరండాలోకి వచ్చింది. వెనకాలే ఓవెన్ వచ్చాడు. ఎవరో లాగి తొక్కిన నీలం టోపీని మోకాలి మీద దులుపుకుంటున్నాడు.

"ఇంకా భయంగా ఉందా?"

"చచ్చేంత," అంది మార్లా. "రేపూ ఉంటుంది. ఇప్పుడు కూడా లోపలికి వెళ్లి చూసి రావాలనుంది."

"వెళ్లు మరి."

"నీతో ఒక మాట చెప్పి వెళ్తాను."

ఆమె అతని చెయ్యి తీసుకుని, వరండా చెక్క రెయిలింగు మీద ఆనించి, పైన తన చెయ్యి వేసింది. చెక్క తడిగా ఉంది.

"నిన్ను ప్రేమిస్తున్నాను."

"నేనూ," అన్నాడు ఓవెన్, ఆ చెక్కని గట్టిగా పట్టుకుని. "ఎర్ర మాస్కు కట్టుకున్న రోజు నుంచీ."

కిటికీకి అవతల వెర్న్ ఆపిల్ పై ముక్క ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. వాళ్ల మాటలు ఆయనకి వినపడలేదు. కానీ ఆ చేతులు ఎక్కడున్నాయో చూశాడు. ఆ ఊరివాడికి అంతకన్నా చెప్పక్కర్లేదు. ఫోర్కు కింద పెట్టి, కూతురు తనవైపు చూసేదాకా ఆగి, పిడికిలి ముడిచి తన ముందున్న చెక్కబల్ల మీద తట్టాడు.